సర్వపిండి కాంట్రాక్టు

ప్రపంచ కప్పుకు ముందు ఏడాది దోహాలో ఎవరిని కదిపినా ఒక ఫుట్‌బాల్ జట్టులో ఉండేవాడు. అప్పటిదాకా క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మా ఆయన కూడా ఒక తెలుగు జట్టు కట్టారు. మొత్తం ఏడుగురు. అందులో ఐదుగురికి నాలుగడుగులు పరిగెడితే ఆయాసం. ఉమ్ ఘువైలినాలో మా ఫ్లాట్ల వెనకున్న ఖాళీ స్థలంలో శుక్రవారం సాయంత్రం మ్యాచ్.

నాకు ఆట గొడవ పట్టేది కాదు. నా గొడవంతా పాప బరువు. రెండేళ్లు నిండాయి, మూడు నెలలుగా క్లినిక్‌లో తూకం పది కిలోల దగ్గరే ఆగిపోయింది. "పిల్ల హుషారుగానే ఉంది, కంగారు పడకండి" అంది డాక్టరు. కంగారు పడొద్దని ఎవరైనా అంటే నాకు కంగారు రెట్టింపవుతుంది. పప్పన్నం, రాగి జావ, ఉడికించిన క్యారెట్టు డబ్బాల్లో సర్దుకుని గ్రౌండ్‌కి కూడా తీసుకెళ్లేదాన్ని. పాప మాత్రం సంతకం సరిపోలలేదన్న బ్యాంకు గుమస్తాలా నా వంక చూసి నోరు బిగించేది.

జట్టులో నిజంగా పరిగెత్తగలిగినవాడు ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి, ముప్పై దాటినవాడు, భవనాలకు పరంజా కట్టే పని. కంపెనీ క్యాంపు నుంచి వచ్చేవాడు. బంతి కాలికి తగిలిందంటే అవతలి గీత దాకా ఆగేవాడు కాదు. ఒకరోజు అతను మా హాల్లో కూర్చుని, మొహమాటపడుతూనే మాట బయటపెట్టాడు.

"అన్నా, అల్ దోహా అల్ జదీదా టీమోళ్లు రమ్మంటున్నరు. మ్యాచ్ మ్యాచ్‌కు మటన్ బిర్యానీ పెడ్తరట."

మా ఆయన మొహం పాలిపోయింది. "మేమేం పెట్టమంటావు తమ్ముడూ?"

"నాకు బిర్యానీ వద్దన్నా. ఇంట్ల చేసిన సర్వపిండి తినక ఏడాదిన్నరాయె. శుక్రారం శుక్రారం రెండు పెడితే యాడికీ పోను."

గల్ఫ్‌లో కాంట్రాక్టంటే రెండేళ్లే కదా, మా ఆయన అలవాటుగా "రెండేళ్లకి ఖాయం చేసుకుందామా?" అన్నారు.

"రెండేండ్లా! వరల్డ్ కప్ దాకా చాలన్నా."

అప్పుడు లేచాడు మా డిఫెండరు. ఏదో ఆఫీసులో అకౌంటెంటు, భీమవరం మనిషి, జట్టు మొత్తంలో పెద్ద పొట్ట ఆయనదే. "ఆగండాగండి. ఈయన పరిగెడతాడు, సరే. దారెవరు చేస్తున్నారండీ? ఈ పొట్ట అడ్డం పెట్టకపోతే రెండడుగులేస్తాడా? పరిగెత్తేవోడికి సర్వపిండి, గుద్దులు తినేవోడికి నీళ్ల సీసానా?"

"పరిగెత్తేవాళ్లు దొరకరు గురువుగారూ. పొట్టలు ఎక్కడైనా దొరుకుతాయి," అన్నారు మా ఆయన.

"మరి మీదెందుకు బెల్టు కింద దాచుకుంటున్నారు?"

ఇంత చర్చలో వండేదెవరని ఒక్కరూ అడగలేదు. మాది రాజమండ్రి. సర్వపిండి నేను తిన్నదీ లేదు, చేసిందీ లేదు. చివరికి ఆ జగిత్యాల మనిషి భార్యే ఊరి నుంచి ఫోన్‌లో నేర్పింది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గుండ్రటి గిన్నె లోపల చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి మూత వెయ్యాలి. "దుబాయ్‌ల బియ్యప్పిండి దొరుకుతదా అక్కా?" అంది. ఇది ఖతర్ అన్నాను. "ఆఁ, గదే, దుబాయ్," అంది.

మొదటి శుక్రవారం అతను రెండూ తిని మూడు గోల్స్ వేశాడు. రెండో శుక్రవారం రెండు. అకౌంటెంటు తన నీళ్ల సీసా ఖాళీ చేశాడు. ఆ తర్వాత వరసగా నాలుగు వారాలు ఒక్క గోలూ లేదు. సగం దూరం పోయి నడుం పట్టుకుని నిలబడేవాడు.

మళ్లీ మా హాల్లో సమావేశం. "నేను ముందే చెప్పాను. పరుగన్నది ఆర్నెల్ల సరుకండీ. కాళ్లు అరిగిపోతాయి. కాంట్రాక్టు రద్దు చేసి ఆ సర్వపిండేదో తలా ముక్క పంచండి," అన్నాడు అకౌంటెంటు. జగిత్యాల మనిషి తల వంచుకుని కూర్చున్నాడు.

నేను గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చేశాను. ఎందుకంటే ఆ వారమే పాప తూకం అరకిలో పెరిగింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి! అతని పరుగు చూస్తూ ఆ హుషారులో పాప నా రాగి జావ ఒంటపట్టించుకుంటోందని నేను ఒక సిద్ధాంతం కట్టుకున్నాను.

"ఆయన్ని తీసేయడానికి వీల్లేదు," అన్నాను. "గోల్స్ వెయ్యకపోయినా పర్లేదు. పరిగెడితే చాలు."

వండేదాన్ని నేనే వద్దనకపోయేసరికి అందరూ నోరు తెరిచారు. అతను మాత్రం లేచి నిలబడ్డాడు.

"వదినా, తప్పయింది. నేను తింటలేను. నువ్వు అటు నీళ్ల సీసాలు నింపవోతే బిడ్డ వచ్చి నా పక్కన కూసుంటది. చెయ్యి సాపుతది. ఒక్కటి పూరాగ ఆమెనే తింటున్నది. రెండో దాంట్ల గూడ సగం."

"అదీ సంగతి!" అరిచాడు అకౌంటెంటు. "జట్టు జీతం కెప్టెనుగారి అమ్మాయి తింటోందండీ!"

నేను గరిటె పైకెత్తాను. "పల్లీలు! గొంతులో అడ్డం పడితే? పచ్చిమిర్చి!"

"పల్లీలు, పప్పు ఏరి పెడుతున్న వదినా. మిరపకాయలు నేను తింట. మా బిడ్డకు గట్లనే పెడుతుంటి."

వాళ్ల బిడ్డ మా పాప కన్నా ఏడాదిన్నర పెద్దది; అతను ఊరొదిలేనాటికి సరిగ్గా మా పాపంత. నేను గరిటె కిందికి దించాను.

కాంట్రాక్టు తిరగరాశాం. అతనికి రెండు, దారి చేసేవాళ్లకు తలా ముక్క, పాపకు విడిగా కారం, పల్లీలు లేకుండా ఒకటి. శుక్రవారం మధ్యాహ్నమంతా నాకు పిండి కలపడంతోనే సరిపోయింది.

సాయంత్రం గీత పక్కన పాప తన చప్పిడి ముక్క నోట్లో పెట్టుకుంది, ఉమ్మేసింది, అతని వైపు చెయ్యి చాపింది. అతను నా వంక చూశాడు. నేను నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని తలూపాను. అతను ఓపిగ్గా పల్లీలూ పప్పూ ఏరి పెడుతూ, చప్పిడిది తను కొరికాడు.

"వదినా, ఇది దవాఖానల పెట్టెటిదా ఏంది?"

అవతల రిఫరీ ఈల వేశాడు, "యల్లా, యల్లా" అని ఎవరో కేక పెట్టారు, అతను ఆకలితోనే పరిగెత్తాడు. పాప మాత్రం చేతిలో మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే నములుతోంది. నేను ఇసుకలో గొంతుక్కూర్చుని లెక్కపెట్టాను. ఏడు ముక్కలు.

మ్యాచ్ ఏమైందని ఇంటికెళ్లాక మా ఆయన్ని అడిగాను. ఆయన బూట్లు విప్పి అలమారా పైకి విసిరేశారు.