బర్రె ఇచ్చిన సెలవు

మా యాడి పేరు హేమ్లి. మా లంబాడీ మాటలో యాడి అంటే అమ్మ. ఆమె తన మొత్తం కాపురంలో సెలవు పెట్టింది ఒక్కసారే. అదీ నాలుగు రోజులు, పంతొమ్మిది వందల ఎనభై ఆరు డిసెంబరులో. ఆ సెలవు మంజూరు చేయాల్సిన అధికారి మా బర్రె. ఎగతాళికి అనడం లేదు, ఉన్న సంగతే చెబుతున్నాను.

మణుగూరు నుంచి భద్రాచలం వెళ్ళే బస్సు ఎక్కితే నాలుగు కిలోమీటర్ల తర్వాత, అడవి అంచున మా తండా వస్తుంది. నాన్న పేరు దేవ్లా. బొగ్గు యార్డులో వాచ్‌మన్. పొద్దున ఎనిమిదింటికి ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేవాడు. "ఎవరది?", "ఆగు" అనే రెండు మాటలతో ఉద్యోగం వెళ్ళదీసిన మనిషి, ఇంట్లోనూ అంతకు మించి నోరు విప్పేవాడు కాదు. ఆ లోటంతా దాదీ తీర్చేది. దాదీ అంటే నాన్నను కన్నతల్లి, సోమ్లి. ఆమె నోటికి తాళం వేయగల మొనగాడు మా తండాలో పుట్టలేదు. మేం ఇంట్లో మాట్లాడేది లంబాడీయే అయినా, ఇక్కడ మా వైపు తెలుగులోనే రాస్తున్నాను.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. మా బళ్ళో ఆడపిల్లల గైడ్స్ దళం ఉండేది. తాళ్ళకు ముడులు వేయడం, డేరా నిలబెట్టడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం మరియ టీచర్ మాకు నేర్పేది. ఆ చలికాలం గోదావరి అవతల అడవిలో నాలుగు రోజుల క్యాంపు అని చెప్పింది. పన్నెండు మంది ఆడపిల్లలం. టీచర్‌కు తోడుగా ఇంకో పెద్ద ఆడమనిషి ఉండి తీరాలని రూలు. కట్టెల పొయ్యి మీద అందరికీ వండాలి, పాము కనబడితే కెవ్వుమని అరవకూడదు. టీచర్ ఎవరెవరినో అడిగి తిరగలేదు, నేరుగా మా ఇంటికి వచ్చింది.

"హేమ్లమ్మా, నాలుగు దినాలు నువ్వు మాతోటి రావాలె," అంది.

యాడి నవ్వి పొయ్యిలోకి కట్టె తోసింది. జవాబు చెప్పాల్సిన మనిషి తానే అని ఆమెకు ఎన్నడూ అనిపించి ఉండదు.

నాన్న గోడవైపు చూస్తూ, "తల్లి పోతే పిల్ల పోతది. తల్లి పోకుంటే పిల్ల పోదు," అన్నాడు. ఆయనకు అదే పెద్ద ఉపన్యాసం.

దాదీ మాత్రం ఊరుకోలేదు. "మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మూటలేసుకొని ఊరూరా తిరిగి, డేరాలల్ల పండి పండి యాష్టకొచ్చి ఈడ ఇల్లు కట్టిన్రు. మీరు ఇల్లు ఇడిసి మళ్ల డేరాలకు పోతమంటరా? ఇంటి ఎనకనే అడివి పెట్టుకొని, అడివి సూడనీకి బస్సెక్కుడేంది?" అని టీచర్ ముందే కడిగేసింది. నిజం చెప్పాలంటే, ఆమె అన్నదాంట్లో తప్పేముందో నాకు ఇప్పటికీ తోచదు.

దాదీని ఎలాగో దాటొచ్చు. దాటలేనిది చుక్కి. చుక్కి మా బర్రె. రెండో ఈతలో దూడ చచ్చిపోయింది. దూడ లేని బర్రె ఊరికే పాలు చేపదు. పొదుగు నిండుగా ఉన్నా బిగబట్టుకుని నిలబడుతుంది, అలవాటైన చెయ్యి పడితేనే పాలు దింపుతుంది. చుక్కికి అలవాటైన చెయ్యి లోకంలో ఒక్కటే, అది యాడిది. దాదీ వేళ్ళు వాతంతో వంకరపోయాయి. పక్కింటి ద్వాలి వదిన ఒకసారి ధైర్యం చేసి కూర్చుంటే, చెంబు ఒక దిక్కున, వదిన ఒక దిక్కున పడ్డారు. అలాగని నాలుగు రోజులు పిండకుండా వదిలేస్తే పొదుగు వాచి బర్రె పాడైపోతుంది.

"బర్రెను ఇడిసిపెట్టి ఎట్లొస్త టీచరమ్మా?" అంది యాడి.

అంతే. అక్కడితో నా క్యాంపు ముగిసినట్టే. నేను ఏడ్చాను, అన్నం మీద అలిగాను, చుక్కిని నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టి ఆ పూట కుడితి పెట్టనని మొండికేశాను. యాడి కుడితి తానే పెట్టి, నాకు వీపు మీద ఒకటి పెట్టింది. టీచర్ పదిరోజుల గడువిచ్చి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నం తింటూ నాన్న, "నేను పిండుత," అన్నాడు. దాదీ నోట్లో ముద్ద ఆగిపోయింది. తరతరాలుగా పశువుల వెంట నడిచిన వంశమే గాని, నాన్న చెయ్యి పొదుగు కిందికి వెళ్ళిన పాపాన పోలేదు.

మొదటి రోజు ఖాకీ చొక్కాతో వెళ్ళాడు. చుక్కి ఆయన్ని మోకాలి మీద తన్నింది. రెండో రోజు అదే మోకాలి మీద మళ్ళీ తన్నింది. మూడో రోజుకు దాదీ తీర్పు చెప్పింది.

"బర్రెకు మనిషి ఎరుక ఉండదురా, వాసన ఎరుక ఉంటది. నీ పెండ్లాం ఫేటియా కట్టుకో."

ఫేటియా అంటే మా ఆడవాళ్ళు కట్టుకునే అద్దాల ఘాగ్రా. నాన్న ఆ రోజు ఒప్పుకోలేదు. మర్నాడు మోకాలు తడుముకుని ఒప్పుకున్నాడు. కింద యాడి ఫేటియా, పైన ఖాకీ చొక్కా, నెత్తిన ముసుగు, ముసుగులోంచి మీసాలు. ఆ అవతారం చూడటానికి తండా సగం మా దొడ్డి చుట్టూ చేరింది. ఎవడో ఈల కూడా వేశాడు. యార్డులో లారీలను ఆపే మనిషి తల ఎత్తకుండా నడిచి వెళ్ళి బర్రె పక్కన గొంతుక్కూర్చున్నాడు. చుక్కి తల తిప్పి ఫేటియాను వాసన చూసింది. తన్నలేదు. పొదుగు మీద చెయ్యి వేయనిచ్చింది. కానీ పాలు మాత్రం చేపలేదు. పావుగంట పిండితే చెంబు అడుగు తడవలేదు.

ఇంతలో ఇంట్లో ప్రయాణం పనులు సాగుతూనే ఉన్నాయి. యాడి పోవడం లేదంటూనే అన్నీ సర్దేది. టీచర్ ఇచ్చిన కాగితంలో రగ్గు, స్వెట్టరు, టార్చిలైటు, కంచం, గ్లాసు, సూదీదారం అని ఉన్నాయి. రగ్గు లేదు గనక బొంతను మూడు రోజులు ఎండలో వేసింది. స్వెట్టరు లేదు గనక నాన్న డ్యూటీ కోటు తొడుక్కుని చూసుకుంది. వీపు మీద తాళ్ళతో కట్టే అద్దాల రవిక మీద ఆ కోటు, తలకు మంకీ క్యాప్. "దొంగలు నిన్ను జూసి ఉరుకుతరు," అంది దాదీ. యాడి జొన్నరొట్టెలు కాల్చి మూటకట్టడానికి పిండి విసిరింది, ఎండుమిరపకాయలు దంచింది. దంచుతూ తుమ్ముతూ, "అన్నీ పిల్ల కొరకే. నేనెక్కడ పోత?" అనేది. తన చీపురుకట్ట దగ్గర్నుంచి తన దువ్వెన దాకా ఏది ఎక్కడుంటుందో దాదీకి రోజూ అప్పజెప్పేది కూడా. పోనిదానివి ఎందుకు అప్పజెబుతున్నావని నాకు అడగాలని తోచలేదు.

నాన్న ఒకరోజు యాడిని అడిగాడు. "నువ్వు దానికి ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? కూసుంట, పిండుత."

ఆయనకు నమ్మకం కుదరలేదు. మర్నాడు తెల్లవారుతుండగా, యాడి దొడ్డిలోకి వెళ్ళకముందే వెళ్ళి చొప్పవామి వెనక నక్కాడు. నేను పళ్ళపుల్ల విరుచుకోవడానికి వెళ్ళి ఆయన్ని చూశాను. వేలు నోటి మీద పెట్టుకున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

యాడి వచ్చి కూర్చుంది. నుదురు బర్రె డొక్కకు ఆనించింది. మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు దాదీ మీద చాడీలు చెప్పింది, చాలా చక్కగా చెప్పింది. తర్వాత మిరపకాయలకు చేతులు మండుతున్నాయంది. చెయ్యి మార్చి మళ్ళీ అందుకుంది.

"చుక్కీ, పన్నెండేండ్లకు పెండ్లి జేసి నన్ను ఈడికి తోలిన్రు. అప్పటిసంది నాకు మా యమ్మగారిల్లు, ఈ ఇల్లు, మణుగూరు సంత. గోదారి అవతల ఏమున్నదో నేను సూడలే. నా బిడ్డ డేరా కట్టుడు నేర్చుకున్నదట. దాన్ల పండుకోవాలని ఉన్నదే నాకు. పోవాలని మస్తు ఉన్నది. పిల్ల కొరకు కాదు, నాకే. నీకు గాక ఎవ్వరికి చెప్పాలె ఈ మాట?"

చెంబులో పాలు చుయ్ చుయ్‌మని పడుతున్నాయి. నాన్న చొప్పకట్ట పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. ఆ క్యాంపు నాదే అనుకున్నాను, బర్రె నా దారికి అడ్డమొచ్చిందనుకున్నాను. ఆమెకూ ఒక కోరిక ఉంటుందని పద్నాలుగేళ్ళ నా బుర్రకు తట్టనే లేదు. ఇప్పుడు నాకు అప్పటి ఆమె కంటే ఎక్కువ వయసు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఆ సాయంత్రం నాన్న సైకిలు దిగి, ఎవరూ చెప్పకుండానే ఫేటియా చుట్టుకుని దొడ్డిలోకి నడిచాడు. బర్రె పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఆగు. కదలకు," అన్నాడు.

"అది దొంగనారా, గట్ల గద్దిస్తున్నవ్?" అని దాదీ అరుగు మీంచి అరిచింది.

పాపం, మాటలు ఎక్కడ దొరుకుతాయో నాన్నకు తెలియదు. చివరికి యాడిలాగే నుదురు బర్రెకు ఆనించాడు.

"చుక్కీ... యార్డుల కొత్తల రాత్రి డ్యూటీ ఏసిన్రు. మస్తు భయమయ్యేది. ఎవరది అని నేను ఒర్లుతుంటే అందరు నన్ను ధైర్యవంతుడనుకున్నరు. నా భయానికి నేను ఒర్లిన." చేతులు పొదుగును నిమురుతూనే ఉన్నాయి. "పద్దెనిమిదేండ్లాయె ఆమెతోటి. నీకేం గావాలె అని ఒక్కనాడు అడగలే. అడిగే రివాజు మా ఇంట్ల లేకుండె. ఇప్పుడు తెలిసింది. నువ్వు మొండికేస్తే ఆమె ఆగిపోతది. ఆగొద్దు ఆమె. చేపవే, నా తల్లీ!"

చుక్కి చెవులు ఆడించింది. నాలుగైదు సార్లు ఉత్త చేతులే కదిలాయి. తర్వాత చెంబులో చప్పుడైంది.

వంటింటి గుమ్మంలో యాడి పిండి చేతులతో నిలబడి ఉంది. ఎంత విన్నదో నాకు తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది. నాన్న అరచెంబు పాలు తెచ్చి ఆమె ముందు పెట్టి, "పోయి రా," అన్నాడు. ఆమె పాలవైపు చూసి, "నురుగు తక్కువున్నది," అంది. అని లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. కళ్ళకు పిండి అంటుకుని దయ్యంలా బయటికి వస్తే దాదీ, నేనూ పడీ పడీ నవ్వాం.

మిగిలిన రోజుల్లో నాన్న చెంబు నింపడం నేర్చుకున్నాడు. ఇంట్లో ఎన్నడూ లేనంతగా మాట్లాడటం కూడా నేర్చుకున్నాడు, కాకపోతే బర్రెతోనే. ఆ ఫేటియాను ఉతకొద్దని దాదీ ఆజ్ఞ. పోయేరోజు యాడి పెట్టెలోంచి కొత్తది తీసి కట్టుకుంది.

బస్సు వేళకు రోడ్డు మీదికి వెళితే తండా ఆడవాళ్ళంతా వచ్చి ఉన్నారు. మా వాళ్ళలో పెళ్ళికూతురు అత్తగారింటికి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు ఆమె మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. వెళ్ళే పిల్ల కూడా అదే రాగంలో ఏడుస్తూ పుట్టింటిని పేరుపేరునా తలచుకోవాలి. ఆడది బొంత చుట్టుకుని బస్సెక్కితే ఇంకెలా సాగనంపాలో ఎవరికీ తెలియదు. ద్వాలి వదిన యాడి మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. పాలు పిండి సరాసరి వచ్చిన నాన్న, ఫేటియా విప్పడం మరిచి మధ్యలో నిలబడ్డాడు. బస్సు వచ్చి ఆగింది. ఎవరో చచ్చిపోయారనుకుని డ్రైవరు ఇంజను ఆపేసి చేతులు కట్టుకున్నాడు.

యాడి వంతు వచ్చింది. నోరు తెరిచింది. ఏడుపు రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. పెదవులు వణికాయి గాని అది ఏడుపుకు కాదు.

"ఏడుపొస్తలేదే ద్వాలీ, ఏం జెయ్యాలె?" అని పకపకా నవ్వేసింది. పన్నెండేళ్ళప్పుడు ఎందుకో తెలియకుండానే గుక్కపట్టి ఏడ్చిందట, దాదీ చెప్పింది తర్వాత. ద్వాలి వదిన రాగం మధ్యలో తెగిపోయింది. ఒకరిని చూసి ఒకరు, రోడ్డు మీద ఆడవాళ్ళంతా కడుపులు పట్టుకుని నవ్వారు.

"రాకుంటే మానె, బస్సు పోతది. ఎక్కవే జల్దీ!" అని దాదీ ఆమెను వెనకనుంచి తోసింది.

మరియ టీచర్, మిగతా పిల్లలు మణుగూరులోనే ఎక్కారు. మా ఇద్దరికీ ఒక సీటు ఆపి ఉంచారు. అలవాటుగా నేను కిటికీ పక్కకు జరగబోయాను. యాడి నా భుజం పట్టి ఆపింది.

"జరుగు బిడ్డా. నీకింకా శానా బస్సులున్నయి," అని కిటికీ పక్కన తాను కూర్చుంది.