ఏరని వంద గింజలు

మా విత్తన పరీక్షశాలలో మొలకలన్నీ కాగితపు చుట్టల్లోనే లేస్తాయి. వాటికి పెద్దగా వాసన ఉండదు. మొన్న ఒక రైతు ఇంట్లోనే వేరుశనగ గింజలకు మొలక కట్టుకుని, తడి గోనెపట్టాను చుట్టినట్టే తెచ్చి నా బల్ల మీద విప్పాడు. మొలిచిన గింజల పచ్చివాసన, మురిగిన గింజల పులిసిన వాసన, నానిన గోనె వాసన మూడూ కలిసి ముక్కుకు తగిలేసరికి చేతిలో పెన్ను పక్కన పెట్టేశాను. నాతో పనిచేసే అమ్మాయి ముక్కు మూసుకుని కిటికీ తెరవబోయింది. వద్దన్నాను. ఆ వాసన వస్తే నాకు ఖైరున్నీసా మేడం గుర్తొస్తారు. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయి ఉండరు.

అనంతపురంలో నేను చదివిన ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆవిడ మాకు స్టాటిస్టిక్స్ చెప్పేవారు. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికొకసారి పైవాళ్ళు కాగితం మీద సంతకం పెడితేనే మళ్ళీ ఏడాది. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్ళు సాధారణంగా తల వంచుకుని నడుస్తారు. ఈవిడ తల వంచేది స్కూటరుకు స్టాండు వేసేటప్పుడు మాత్రమే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మాది శింగనమల దగ్గర పల్లె కాబట్టి మొదటి గంటకు నేనెప్పుడూ ఆలస్యమే. ఒకరోజు గుమ్మంలో ఆపి కారణం అడిగితే, బస్సు రోజూ లేటుగా వస్తుందని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. రోజూ అంటే ఎన్ని రోజులని అడిగారు. నెల రోజులు బస్సు వచ్చే టైము రాసుకుని తెమ్మన్నారు. నేను సరేనని లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, “ఎన్ని రోజులు లేటొస్తే బస్సుది తప్పంటావో ఇప్పుడే రాయి పాపా. చూసినాక రాస్తే అది లెక్క కాదు, సాకు” అన్నారు. పది అని రాశాను. కండక్టరు నన్ను వింతగా చూస్తున్నా పట్టించుకోకుండా నెలంతా టైము రాసుకున్నాను. బస్సు ఆలస్యమైంది ఏడు రోజులే. క్లాసంతా నవ్వింది. పోనీ బస్సు మంచిదేనని ఒప్పుకుంటున్నానని నేనంటే దానికీ ఒప్పుకోలేదు. బస్సు తప్పు దొరకలేదు, అంతవరకే చెప్పు, మంచిదని ఎవరు చెప్పారని ఎదురడిగారు.

హైపోథిసిస్ టెస్టింగ్ అని పుస్తకంలో ఉన్న పాఠం మా తలకెక్కింది ఇలాగే. అవతలివాడు చెప్పిన మాటను ముందు నిజమనే అనుకోవాలి. అది నిజమైతే మన కళ్ళకు ఏం కనబడాలో లెక్కకట్టాలి. కనబడింది దానికి మరీ దూరంగా ఉంటేనే కాదనాలి. ఎంత దూరమైతే కాదంటామో చూడకముందే గీత గీసి పెట్టుకోవాలి. ఇందులో మొదటి మెట్టు నాకు మింగుడుపడేది కాదు. అవతలివాళ్ళ మాట నిజమనుకుని చెడిపోయినవాళ్ళే మా ఊళ్ళో ఎక్కువ, మళ్ళీ నమ్మడమెందుకని ఒకసారి గట్టిగానే అన్నాను. “నమ్మమని కాదమ్మే. వాళ్ళ మాటను వాళ్ళ మెడకే కట్టి చూడమంటాండా” అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి ఒక వానాకాలం పట్టింది. మా నాయన పేరు ఎర్రిస్వామి. మా ఊళ్ళో గొర్రు పట్టడంలో ఆయనకు పేరు. గొర్రు ఎద్దులు లాగే విత్తే పనిముట్టు. దాన్ని ఎంత అదిమి పట్టాలో చేతికే తెలియాలి. ఎక్కువ అదిమితే గింజ లోతుకు పోయి మట్టిలోనే ఉండిపోతుంది, తేలిస్తే ఎండకు మాడిపోతుంది. వాన పడి నేల విత్తడానికి పదునైందంటే నలుగురు రైతులు తెల్లవారకముందే మా వాకిట్లో కూర్చునేవాళ్ళు. ఉన్న అయిదెకరాల ఎర్రనేలకన్నా నాయనకు ఆ పేరే పెద్ద ఆస్తి. అంతకుముందు ఏడు పంట ఎండిపోయి ఇంట్లో విత్తనం లేకపోవడంతో ఆ ఏడు టౌనులో చంద్రన్న అంగడి నుంచి వేరుశనగ గింజల బస్తాలు తెచ్చాడు. వందకు డెబ్బై మొలుస్తాయని బస్తా మీద అచ్చువేసి ఉంది. మిషన్‌లో ఏరినవే, మళ్ళీ ఏరే పనిలేదని చంద్రన్న చెప్పాడు. ఏరే తీరికా లేదు. మా సీమకు వాన చుట్టపుచూపుగా వస్తుంది, మనం తీరిగ్గా ఉన్నామా లేదా అని చూడదు. రెండు రోజుల్లో విత్తేశాం. పదో రోజుకు సాళ్ళలో సగం ఖాళీగా కనబడింది.

నాయనతో కలిసి నేనూ అంగడికి వెళ్ళాను. చంద్రన్న మేం తీసుకెళ్ళిన గింజల వైపు చూడను కూడా చూడలేదు. పదిమంది రైతులు నిలబడి ఉండగా, “లోతేసినావప్పా ఎర్రిస్వామీ. వయసైనాక చెయ్యి బరువైతాది. దానికి బస్తా ఏం చేస్తాది?” అన్నాడు. నాయన ఏదో ఒకటి అంటాడని చూశాను. గింజల సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. ఊరికి తిరిగొచ్చేలోపే ఆ మాట మాకన్నా ముందు వచ్చి కూర్చుంది. తన చేనికి గొర్రు పట్టమని నాయనకు చెప్పి పెట్టుకున్న ఓబులప్ప, మర్నాడు పక్క ఊరి మనిషికి కబురు పంపాడు. ఆ మనిషి వచ్చేలోపు పదును ఆరిపోయి, ఓబులప్ప కూడా చంద్రన్న అంగడి నుంచే తెచ్చుకున్న విత్తనం బస్తాల్లోనే ఉండిపోయింది గానీ, మా వాకిట్లోకి మాత్రం ఎవరూ రాలేదు. నాయన ఎద్దుల కొట్టంలో కూర్చుని, ఖాళీ చేతిని గాలిలో అదిమి చూసుకుంటూ, నిజంగానే ఎక్కువ అదిమినానేమో పాపా అన్నాడు. చంద్రన్న అన్నందుకు నాకు కోపం వచ్చింది. నాయన నమ్మినందుకు గుండె కాలింది.

మిగిలిన గింజలు సంచిలో పోసుకుని మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. సుద్దముక్క తీసుకుని లెక్క మొదలుపెట్టారు. బస్తా మాట నిజమైతే వంద గింజలు నానేస్తే డెబ్బైకి అటూ ఇటూ మొలవాలి. ఊరికే అదృష్టం బాగాలేక తగ్గడానికీ ఒక హద్దుంటుంది. అరవై రెండు, అంతకన్నా తక్కువ వస్తే బస్తా మాట కొట్టేద్దాం, అరవై మూడొచ్చినా నోరు మూసుకుందామని చెప్పి, నా చేత నోటుబుక్కులో రాయించి సంతకం పెట్టించారు. నేనే వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టాను. ఎనిమిదో రోజు విప్పితే అరవై ఆరు మొలిచాయి.

అరవై ఆరు కూడా డెబ్బైకి తక్కువే కదా, అబద్ధమనే రాద్దామని బతిమాలాను. గీత కొంచెం జరిపితే ఎవరికి తెలుస్తుందన్నాను. “మీ నాయన కోసం నువ్వు జరిపితే, అంగడాయన కోసం ఇంకొకరు జరుపుతారు. అప్పుడు యాడ నిలబడతావు?” అన్నారు. ఏడుపూ కోపమూ కలిసొచ్చి, మీకు నేలా లేదు, నేల మీద ఆధారపడ్డ నాయనా లేడు, అందుకే అలా మాట్లాడగలుగుతున్నారని అనేశాను. క్లాసంతా వింటుండగానే అన్నాను. ఆవిడ డస్టరుతో బోర్డు తుడిచి వెళ్ళిపోయారు.

మర్నాడు నన్ను పిలిపించి, సంచిలో మిగిలిన గింజలు పేపరు మీద పోయమన్నారు. ఇరవై లెక్కపెట్టమన్నారు. ఎందుకో అడిగే మొహం లేక లెక్కపెట్టాను. అయిపోయాక కుప్పను నా వైపు తోసి, ఏం మిగిలిందో చూడమన్నారు. మిగిలినవాటిలో ముడతలు పడ్డవీ, పొట్టు చిట్లినవీ, రంగు మారినవీ ఎక్కువ. నాకు తెలియకుండానే నా బొటనవేలు ఒక్కో గింజనూ దొర్లించి, బాగాలేనిదాన్ని పక్కకు నెట్టేస్తోంది. అయిదేళ్ళ వయసు నుంచి అమ్మ పక్కన కూర్చుని కాయలు ఒలిచిన చెయ్యి అది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏరకుండా గింజ ముట్టలేరు. మొదటి వంద కూడా అలాగే ఏరి ఉంటాను. “నీ చెయ్యి పోయి అంగడాయన పక్కన నిలబడింది గదమ్మే” అని మొదటిసారి నవ్వారు.

నాకు ప్రాణం లేచొచ్చింది గానీ ఆవిడ నన్ను ఎగరనివ్వలేదు. ఫలితం నచ్చక రెండోసారి చేస్తే మోసం, పద్ధతి తప్పిందని చేస్తే కాదు, అయినా ఇదే ఆఖరుసారి, గీత కూడా అదేనన్నారు. నేను ఏరి పాడుచేసిన సంచి ఇక పనికిరాదు కాబట్టి విప్పని బస్తా కావాలి. అది ఓబులప్ప ఇంట్లోనే ఉంది. ఆదివారం స్కూటరు మీద మా ఊరొచ్చారు. వచ్చేముందు అంగడికి వెళ్ళి, మీ బస్తా మాటను పరీక్షిస్తున్నాం, మీరే వచ్చి చూసుకోండని చంద్రన్నను పిలిచారు. ఆయన తమాషా చూసినట్టు ఉంటుందని వచ్చాడు. ఓబులప్ప వాకిట్లో బస్తా కుమ్మరించి, కుప్పను నాలుగు భాగాలు చేయించారు. ఎదురెదురుగా ఉన్న ఏ రెండు తీసేయాలో చంద్రన్ననే చెప్పమన్నారు. మిగిలినదాన్ని కలిపి మళ్ళీ నాలుగు, మళ్ళీ రెండు. చివరకు మిగిలిన చిన్న కుప్పలోంచి, కళ్ళు మూసుకున్న ఓబులప్ప చేత వంద గింజలు తీయించారు. నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు. అరవై రెండు అన్న గీత కాగితం మీద రాసి చంద్రన్న చేత సంతకం పెట్టించి, గోనెచుట్టను ఓబులప్ప ఇంట్లోనే ఉంచారు.

ఎనిమిది రోజుల తర్వాత ఊరంతా చూస్తుండగా విప్పారు. మొలిచినవి యాభై ఒకటి. ఆడపిల్లల చదువు లెక్కలతో వ్యాపారాలు నడుస్తాయా అని చంద్రన్న గొణిగాడు. మేడం కాగితం చూపించి, కింద సంతకం మీదే కదన్నా అన్నారు. అప్పుడు ఓబులప్ప అందరికీ వినబడేటట్టు, అయితే ఎర్రిస్వామి తప్పేం లేదన్నమాట అన్నాడు. నేను అన్ని రోజులుగా ఎదురుచూసిన మాట అది. మేడం దాన్ని కూడా నిలవనివ్వలేదు. “ఆ మాట ఈ గోనె చెప్పలేదప్పా. బస్తా మాట నిలబడలేదు, అంతవరకే. ఆయన లోతు సంగతి ఈ లెక్కకు తెలీదు.”

ఒక్క నిమిషం ఊరుకుంటే ఆవిడ సొమ్మేం పోయేదని నాకు ఒళ్ళు మండిపోయింది. అంతవరకు గోడకు ఆనుకుని కూర్చున్న నాయన లేచాడు. ఆయమ్మ చెప్పింది నిజమే, నా లోతు నేనే చూపించుకోవాలని కలుపు తవ్వే చిన్న తొలిక తీసుకుని చేనివైపు నడిచాడు. ఊరు వెనకే నడిచింది. చేనిగట్టు మీద నిలబడి చూపుడువేలు పైకెత్తి, “రెండు కణుపులు నా లోతు. గింజ దగ్గర మూడో కణుపు మునిగిందంటే ఈ జన్మలో గొర్రు ముట్టను. యాడ తవ్వల్లో నువ్వే చెప్పు చంద్రన్నా” అన్నాడు. అలా పందెం కట్టమని ఆయనను ఎవరూ అడగలేదు. ఇన్ని రోజులుగా ఆయన ఒక్క సాలు కూడా ఎందుకు తవ్వి చూసుకోలేదో నాకప్పుడు తెలిసింది. తప్పు తనదేనని తేలుతుందేమోనని భయపడ్డాడు. ఆ భయంతోనే, నలుగురి ముందు, ముందుగా గీత గీసుకుని మరీ తవ్వాడు.

చంద్రన్న చూపించిన ఖాళీచోటల్లా తవ్వి, మురిగి నల్లబడ్డ గింజ దగ్గర వేలు దించాడు. ప్రతిచోటా రెండో కణుపు దగ్గరే ఆగింది. ఒక్కచోట మాత్రం రెండు దాటి కొంచెం లోపలికి పోయింది. ఓబులప్ప వంగి చూసి, మూడోది మునగలేదన్నాడు. తొమ్మిదో చోటు తవ్వుతుండగా చంద్రన్న మోటారుసైకిలు శబ్దం రోడ్డెక్కింది. నాయన మాత్రం పదోది కూడా తవ్వాడు. వాన పడనీ, వేరే గింజ తెస్తాను, గొర్రు నువ్వే పట్టాలని ఓబులప్ప అన్నాడు. నాయన మట్టిచేతులతోనే మేడంకి నమస్కారం పెట్టాడు. నేను అదివరకు మా నాయన ఎవరికీ అలా నమస్కారం పెట్టడం చూడలేదు.

తర్వాత ఎవరో కాలేజీకి ఫిర్యాదు చేశారు. పాఠం వదిలేసి పల్లెల్లో గొడవలు పెట్టడం తప్పయిందని రాసివ్వమని ప్రిన్సిపాల్ అడిగారట. ఏది తప్పో మీరు రాసివ్వండి, పరీక్ష పెట్టి చూసుకుందామని మేడం రాసిచ్చారు. మరుసటి ఏడు ఆవిడ కాగితం మీద సంతకం పడలేదు. మడకశిరలో చెల్లెలి దగ్గరికి వెళ్ళి, పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికారు. ఉద్యోగం వచ్చాక వెళ్ళి, ఆ రోజు నేల లేదని అన్నందుకు క్షమించమన్నాను. “లేనిది లేదన్నావు. దానికి మాఫీ ఎందుకు?” అని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. అదే ఆఖరిసారి చూడటం. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ సంతకం పెట్టనివాళ్ళ మీద నా కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు.

పెద్దవాళ్ళకు ఎదురు తిరగడం నాకు ఆవిడ దగ్గరికి వెళ్ళకముందే వచ్చు. మా నేలలో అది పుట్టుకతోనే వస్తుంది. నాకు కావలసిన జవాబుకు ఎదురు తిరగడం మాత్రం ఆవిడే నేర్పారు. ఈ ఏడు నా సొంత తమ్ముడు పండించిన విత్తనం మా పరీక్షశాలకే వచ్చింది. మొలక హద్దు అందుకోలేదు. అందుకోలేదనే రాసి సంతకం పెట్టాను. వాడు రెండు నెలలుగా నాతో మాట్లాడటం లేదు. పోయిన వారం నాయన ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. వాని గింజలే అని తెలిసినాక గీత ఏమన్నా జరిపినావా అని ఒక్కమాటే అడిగాడు. లేదు నాయనా అన్నాను.

“అట్లయితే వాడే దారికొస్తాడు లే పాపా. రాకపోతే రానీ” అన్నాడు.