కెనడా దుంగలో కాలిన మచ్చ

మా చర్చికి కొత్త తలుపు చేయించాలని ఈ రోజు పొద్దున కమిటీ వాళ్లం ముగ్గురం వరంగల్‌లో ఒక సామిల్లుకు వెళ్లాం. అక్కడ కెనడా నుంచి వచ్చిన పెద్ద దుంగ కనబడగానే రాయప్ప అన్నకూ శాంతక్కకూ వాదన మొదలైంది.

"అమెరికా వాళ్లు కెనడా కట్టె మీద టాక్స్ పెంచిండ్రు. గిప్పుడు అది మన దిక్కు వస్తాంది. మనకే మంచిది గదా, కొందాం," అన్నాడు అన్న.

"సముద్రాలు దాటి, పొగ గక్కుకుంట వచ్చిన కట్టె అది! గా పొగ మీద కార్బన్ టాక్స్ ఏస్తె అప్పుడు తెలుస్తది. మన టేకు లేదా?" అంది అక్క.

నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ తల ఊపుతున్నాను. ఇంతలో మిల్లు ఓనరు ఎట్లాగూ కోయాల్సిందేనని ఆ దుంగను రంపానికి ఎక్కించాడు. అది రెండుగా విడిపోయింది. లోపల, నట్టనడుమ, నల్లటి కాలిన మచ్చ! ఆ చెట్టు లేతగా ఉన్నప్పుడే అడవి మంటల్లో చిక్కుకున్నట్టుంది. చావలేదు. ఆ గాయం చుట్టూ ఏడాదికో పొర పెంచుకుంటూ అంత పెద్ద మాను అయింది.

శాంతక్క మెల్లగా తాకింది. ఎప్పటిదో, ఎక్కడిదో మంట, దాని మసి ఆమె వేలికి అంటింది.

"ఇన్నేండ్లు కడుపుల దాసుకున్నదా!" అంది. "అన్నా, గిదే తీసుకుందాం."

రాయప్ప అన్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

టాక్సుల వాదన వాయిదా పడింది కానీ ఇప్పుడు కొత్త పేచీ. ఆ మచ్చ తలుపుకు బయటి వైపు ఉండాలా, లోపలి వైపా? ప్రార్థనకు కూర్చున్నవాళ్లకు కనబడాలని నా ఓటు. మీరేమంటారు?