ఎడమ చెంప గీత

మైదుకూరులో ఒక చిన్న గుడి. ఆ రోజు అమ్మవారి ముఖానికి కొత్త వెండి కవచం కూర్చోలేదు. కుడివైపు అతికినట్టు సరిపోయింది. ఎడమ చెంప దగ్గర చిటికెనవేలు దూరేంత సందు. పూజారి రెండుమూడుసార్లు అదిమి చూసి చేతులు దించేశాడు. పెద్ద జబ్బు నుంచి లేచి, మొక్కుగా ఆ కవచం చేయించిన రాజ్యలక్ష్మమ్మ మెడ చాచి ఆ సందు వైపు చూసింది.

"కిరస్తానం పిల్ల గీసిన కవచమంట! అమ్మవారు ఒప్పుకుంటాదా?" అంది వెనక నుంచి, మొక్కు చూడ్డానికి వచ్చిన సుబ్బరత్నమ్మ.

ఆ పిల్ల గడప బయటే ఉంది. పేరు మహిమ. కమలాపురంలో కూలికి పోయే ఏసేపు కూతురు. డ్రాయింగు నేర్చుకుని, ప్రొద్దుటూరులో రాజ్యలక్ష్మమ్మ భర్త రామలింగయ్య నగల అంగడిలో కంప్యూటర్ మీద నమూనాలు గీస్తోంది. 2007 నాటి మాట. సుబ్బరత్నమ్మ మాటకు ఆమె ముఖం పాలిపోయింది. ఉద్యోగం పోతే ఇంకోచోట వెతుక్కోవచ్చు. ఈ మాట పాకిందంటే ఏ అంగడివాళ్ళూ ఆమె చేత దేవుడి నగ గీయించరు.

"యాడ తప్పినావమ్మా?" రామలింగయ్య గడప దాటి ఆమె దగ్గరికొచ్చాడు.

"తెలీదు సార్. కొలతలన్నీ సరిగ్గానే ఉండాయి."

"ఉంటే సందు ఏల వస్తాది? పా, చూద్దాం."

కవచం మొదలుపెట్టేముందు మద్రాసు నుంచి మనుషులు వచ్చి, యంత్రంతో అమ్మవారి ముఖం కొలిచి, ఆ రూపాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పోయారు. తెరమీద ఆ రూపం అంచును ఎంచుకుంటే, దారం పరిచి ఎత్తినట్టు అదే వంపు విడి గీతగా వస్తుంది. అసలు రూపం చెక్కుచెదరదు. ఆ గీతలతోనే అచ్చు తయారుచేసి, దానిమీద వెండి రేకు సాగగొట్టారు. అయితే నగల పనిలో ఒక అలవాటుంది. వడ్డాణమైనా హారమైనా సగమే గీస్తారు, రెండో సగం అద్దంలో నీడలా తిప్పి అతికిస్తారు. మహిమ ఇక్కడా అంతే చేసింది. కుడి చెంప గీతనే ఎత్తి తిప్పింది. ఎడమ అంచు జోలికే పోలేదు.

అంగడికి తిరిగొచ్చి, ఇప్పుడు ఆ అంచు జోలికి పోయింది. ఎడమ అంచు నుంచి కొత్త గీత ఎత్తి పాతదాని మీద పెట్టింది. చెవి దగ్గర కలిసిన రెండు గీతలూ చెంప మీదికి దిగేసరికి విడిపోయాయి.

మహిమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రెండు చెంపలూ ఒకటి కాదు సార్!"

"బుద్ధి తెలిసినప్పటి నుంచీ మొక్కుతాండా," అన్నాడు రామలింగయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఒక్కనాడూ కానరాలేదే!"

నేనూ ఆ గుడికి ఏండ్ల తరబడి పోయినవాణ్ణే. నాకూ కనబడలేదు. ఎదురుగా నిలబడీ ఏం చూశానో!

కవచం కరిగించి మళ్ళీ చేశారు. ఈసారి సుబ్బరత్నమ్మ అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. పూజారి కొత్తదాన్ని అమ్మవారి ముఖానికి పెట్టి చేతులు తీసేశాడు. కవచం కదల్లేదు.

"ఔ! కూచున్యాదే!" సుబ్బరత్నమ్మ ముక్కున వేలేసుకుంది.

రాజ్యలక్ష్మమ్మ ఆమెను దాటుకుని, గడప బయట ఉన్న మహిమ దగ్గరికొచ్చింది. "మా ప్రసాదం నువ్వు తినవు గదమ్మే. పా, అంగట్లో జిలేబీ పెట్టిస్తా."

మహిమ చూపు అమ్మవారి మీదే ఉంది.

"కొంచెం ఆగమ్మా. ఆ ఎడమ చెంప ఇంగోసారి చూసుకోనీ."