కౌబాయ్ జాగా

బహ్రెయిన్ పనికెళ్లిన మా ఆయన కబురు నాకు ఒక్క మాటలో వచ్చింది. ఫోన్‌లో ఎవడో హిందీవాడు "ఖలాస్" అని పెట్టేశాడు. మా గోదావరి వైపు ఖలాస్ అంటే మనిషి చచ్చాడనే. బొట్టు తీసేశాను. శవం రాలేదు. తర్వాత నేనూ ఇంటిపనికి బహ్రెయిన్ వచ్చాక తెలిసింది, ఇక్కడ డ్యూటీ అయిపోయినా ఖలాసే, కూర అయిపోయినా ఖలాసే. అప్పటినుంచీ అనుమానం పట్టుకుంది. ఆయన పోయాడా, పని మానేసి ఎటన్నా వెళ్లాడా?

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గర నుంచి పారిపోయి, సఖీర్ అవతల ఎడారిలో మేకలు కాసేవాడని మాత్రం తెలుసు. ఒక శుక్రవారం మా మేడమ్ ఇంటి డ్రైవరన్న, కరీంనగర్ మనిషి, అక్కడికి తీసుకెళ్లాడు.

"అది కౌబాయ్ జాగా చెల్లె, సినిమాల లెక్క చట్టం గిట్టం ఉండదు. కాయిదాల్లేనోళ్లు దాక్కునేది ఆడనే. ఎవడు సచ్చిండు, ఎవడు బతికిండు అని అడిగేటోడే ఉండడు."

"కౌబాయంటే ఆవులు కాసేవాడంటగా? మా ఆయన కాసింది మేకల్ని అన్నా."

"గట్లయితే మేకబాయ్ అనాలె," అని నవ్వబోయి, నా మొహం చూసి గేరు మార్చాడు.

చమురు గొట్టాలు దాటాక రోడ్డు లేదు. పొద్దు వాలుతోంది. ఒక రేకుల షెడ్డు, నీళ్ల డ్రమ్ము, పక్కన ఇసుక గుట్ట, దూరంగా మేకలు. మనిషి జాడ లేదు. ఏం తోచిందో, మా ఆయన ఊళ్లో పిలిచినట్టే "హోయ్, దా దా దా" అని పిలిచాను. తలలన్నీ ఒక్కసారే లేచాయి. ఎడారిలో పుట్టిన మేకలు ఆ తెలుగు పిలుపుకి పరిగెత్తుకొచ్చి నా చేతులు వాసన చూశాయి.

షెడ్డు వెనక నుంచి బంగ్లాదేశ్ ముసలాయన ఒకడు వచ్చాడు. ముందు కాసినవాడేడని అన్న హిందీలో అడిగాడు.

"ఖలాస్," అన్నాడు ముసలాయన.

"అంటే సచ్చిండా, ఎటన్న పోయిండా?"

తను వచ్చేసరికే ఎవరూ లేరట.

"మరి వీటికి ఈ పిలుపు నువ్వు నేర్పావా?" అని అడిగించాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తనకా పిలుపే రాదట. రోజూ ఈ వేళకి గుట్ట వెనక నుంచి వినిపిస్తుందట, మేకలు వాటంతట అవే దొడ్డికి వస్తాయట. వెళ్లి చూడలేదా అంటే, ఇక్కడ ఎవరూ ఎవరినీ వెళ్లి చూడరన్నాడు. ఇవాళ ఆడగొంతు వినిపించిందని బయటికొచ్చాడట.

నేను గుట్ట ఎక్కాను. అవతల ఇసుక తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. ఈసారి మేకలు నా వైపు చూడలేదు. నన్ను దాటి, ఆ ఇసుక వైపు చూశాయి.

బండెక్కాక అన్న మెల్లగా అడిగాడు. "ఏమాయె చెల్లె? ఖలాసేనా?"

నోరు తెరిచాను. ఆ మాట మాత్రం నా నోట రాలేదు.