తుఫాను పాట

బందరులో ఒక చిన్న ఎఫ్.ఎం. స్టేషన్లో మాట్లాడటం నా ఉద్యోగం. మాట్లాడటమంటే కోతలు కోయడమే. గుడివాడ బస్సులో ఒక పీత టికెట్టు కొని నా పక్కన కూర్చుందని, చిల్లర ఇవ్వలేదని కండక్టర్ని గిల్లిందని ఒకసారి మైకులో చెప్పాను. జనం నవ్వారు. చిక్కల్లా ఏమిటంటే, సముద్రం మీదికి వెళ్లొద్దన్న హెచ్చరిక చదివినా నవ్వారు.

హంసలదీవిలో చేపల వేటకెళ్లే ఒకాయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని అంతే. ఆయనే అన్నాడు: "నీ మాట నమ్మి పడవలాపితే మావాళ్లు నన్ను నీళ్లలోకి తోస్తారు బావా. వేరే గుర్తేదన్నా పెట్టు."

పెట్టాను. ఎవరూ అడగని ఒక పాత జోలపాట. హెచ్చరిక వచ్చిన రోజే వేసేవాణ్ణి. అది వినపడితే పడవలు ఒడ్డుకు తిరిగేవి.

తర్వాత పాటలు ఎంచే పని కంప్యూటరుకు అప్పజెప్పారు. శ్రోతలు ఏది ఎక్కువగా అడిగితే అది ఎక్కువసార్లు వేస్తుంది. హంసలదీవి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్లు: "ఏవండీ, ఇవాళ ఆ పాట ఉందాండీ?" ఉంటే వేటకు వెళ్లకూడదని వాళ్ల లెక్క. ఫోనెత్తే అమ్మాయికి అది తెలీదు. ఒక్కో ఫోనునీ ఒక్కో కోరికగా రాసుకుంది.

నెల తిరక్కుండా ఆ పాట రోజుకు నాలుగుసార్లు. గుడివాడలో పెళ్లి బ్యాండువాళ్లు వాయించారు. మొదట్లో విసుక్కున్న మా ఆవిడ కూడా వంకాయలు తరుగుతూ అదే కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. హంసలదీవిలో మొదటి వారం పడవలాపారు. రెండో వారం పస్తులుండలేక వెళ్లారు.

అది తుఫాను గుర్తని చెప్పి, పాట తీసెయ్యమని మేనేజరుగారిని బతిమాలాను.

"జనం అంత ఇష్టపడుతుంటే తీసెయ్యడమేంటండీ? మీ కథలు మైకులో చెప్పుకోండి, నాకొద్దు."

ఒక మధ్యాహ్నం ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. హెచ్చరిక వచ్చింది. "ఇది కథ కాదు, పడవలు తిప్పండి" అని మైకులో మూడుసార్లు అన్నాను. నా గొంతు నాకే కోతలా వినిపించింది.

ఫోను మోగింది. బావ, పడవ మీది నుంచి.

"ఈసారి భలే మొదలెట్టావు బావా! పీత ఎప్పుడొస్తుంది?"

"ఒట్టు బావా. తిరిగి వచ్చెయ్."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. వెనక గాలి హోరు. ఆ హోరులో, పడవలోని రేడియోలో మా స్టేషనే. నా మాట అవగానే కంప్యూటరు వేసిన జోలపాట. లైను తెగింది.

తర్వాత ఏమైందని ఇప్పటికీ అడుగుతారు. అడిగినవాళ్లకల్లా ఒక్కో కథ చెబుతాను. అన్నిట్లోనూ బావ ఒడ్డుకు వస్తాడు.