వేగం గడియారానికి పెట్టిన బొట్టు

మొన్న మనవడు కొత్త కారు కొని, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. వాడు వీధులన్నీ చూపిస్తుంటే, నేను మాత్రం వాడి ఎదుట గుండ్రటి అద్దంలో ఊగే ముల్లునే చూస్తూ కూర్చున్నాను. అద్దం మీద బొట్టు లేదేమిటా అని నా కళ్ళు వెతుక్కున్నాయి.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ధవళేశ్వరం నుంచి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర మా మామగారు మోటారు కారు కొన్నారు. అప్పటికే ఇద్దరు దొరలను మోసి అలసిపోయిన కారు అది. బయలుదేరే ముందు దగ్గేది, ఆగాక కూడా కాసేపు గొణుక్కునేది. మా అత్తగారు అది ఎక్కనంటే ఎక్కనన్నారు. చిన్నప్పుడు గుర్రం బెదిరి, జట్కా బోల్తాపడి ఆవిడ చెయ్యి విరిగిందట. అప్పటినుంచీ రాజమహేంద్రవరంలో ఉన్న అక్కగారిని చూడాలన్నా పడవ ప్రయాణమే. కాలువ గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగే పడవ, వాళ్ళ నడకను మించి కదలదు. ఆవిడ భయం పోగొట్టాలని మామగారు మద్రాసు నుంచి స్పీడోమీటరు తెప్పించారు. మా ఊరివాళ్ళు దాన్ని వేగం గడియారం అన్నారు. ముందు చక్రానికి చిన్న పళ్ళచక్రం బిగించి, అక్కణ్ణుంచి తీగ లాగి గడియారానికి తగిలించాలి. పాత కారుకి కొత్త సామాను ఒక పట్టాన ఇమడలేదు. మా ఊరి కమ్మరి మూడు రోజులు కారు కింద పడుకుని, కొలిమిలో ఇనుప పట్టీలు కాల్చి వంచి, ఎలాగో కూర్చాడు. తర్వాత గట్టు మీద, పడవతో సమంగా కారు నడిపి చూశారు. ముల్లు నిలిచిన చోటు మామగారు చూపిస్తే, అత్తగారు అక్కడ అద్దానికి మైనం రాసి కుంకుమ అద్దారు.

"ముల్లు ఈ బొట్టు దాటనివ్వనంటే ఎక్కుతానండీ," అన్నారు.

మామగారు మాట ఇచ్చారు. ఇచ్చిన మాట తప్పడం ఆయనకు చేతకాదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేశారు. నీళ్ళు లేక పడవలన్నీ బురదలో కూలబడి ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం మనిషి కబురు తెచ్చాడు. అత్తగారి అక్కగారికి ప్రాణం మీదికి వచ్చింది, పొద్దు వాలేదాకా ఉండటం కష్టమట. బొట్టు ప్రకారం నడిపితే మేం చేరేసరికి చీకటి పడుతుంది. మామగారు మాట తప్పరు, అత్తగారు తప్పమని అడగరు. నాకు ఒళ్ళు మండింది. రోజూ కారు తుడిచేదాన్ని కనుక, ఆ అద్దం ఇత్తడి చట్రంతో సహా తిరుగుతుందని నాకు తెలుసు. ఎవరూ చూడకుండా తిప్పేశాను. బొట్టు జట్కా వేగాన్ని కూడా దాటి ఎక్కడికో పోయింది. మామగారు వచ్చి కూర్చుని, దానివంక ఒక్క క్షణం చూసి, ముల్లును బొట్టు దాకా పోనిచ్చారు.

ఆ ప్రయాణం ఇప్పటికీ కలలాగే ఉంటుంది. పక్కన ఎండిన కాలువ, ఎర్రటి దుమ్ము, వెనక్కి జారిపోతున్న కొబ్బరి చెట్లు. అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు.

"ముల్లు బొట్టు దాటలేదు కదే?"

"లేదండీ, అత్తయ్యగారూ."

పొద్దుండగానే చేరాం. అక్కగారు కళ్ళు తెరిచి, "ఏ పడవకొచ్చావే?" అని అడిగారు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చిన్నప్పటి కబుర్లేవో చెప్పుకున్నారు. దీపాలు పెట్టేవేళకు అక్కగారు కన్నుమూశారు.

చాలా ఏళ్ళ తర్వాత, నాకు తల దువ్వుతూ అత్తగారు ఉన్నట్టుండి అన్నారు: "ఆ వేళ బొట్టు నేనే జరుపుదామని చెయ్యి పెట్టాను. అప్పటికే జరిగి ఉంది. నీ వేలికి కుంకుమ అంటింది, చూసుకోలేదు నువ్వు. భయమేసినప్పుడల్లా దారంతా ఆ వేలే చూసుకున్నానమ్మాయ్."

నాకు ఏడుపు ఆగలేదు.

మొన్న కారులో అది తలుచుకుని కళ్ళు తుడుచుకుంటుంటే, "స్పీడు ఎక్కువైందా బామ్మా?" అని మనవడు వేగం తగ్గించాడు. లేదురా, పోనియ్యి అన్నాను. బతుకంతా కొబ్బరి చెట్లలా వెనక్కి జారిపోయింది కానీ, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం నాలో ఇంకా పడవ నడకనే కదులుతోంది.